వైట్ సాక్స్: మేనేజర్లు మారారు, జీఎం మారాడు, ఓటములు మాత్రం వంద దిగడం లేదు

సౌత్‌సైడ్ శీను · సోమవారం, రాత్రి 9:12

మన షికాగో బేస్‌బాల్ జట్టు వైట్ సాక్స్‌కి 2025 సీజన్ అయిపోయింది. 60 గెలుపులు, 102 ఓటములు. 2023లో 101 ఓడాం, 2024లో 121 ఓడాం, ఇప్పుడు 102. అయినా మన షికాగో తెలుగు గ్రూపుల్లో పొద్దుట్నుంచీ ఒకటే సంబరం. "పోయినేడు 41, ఈ ఏడు 60, పంతొమ్మిది పెరిగాయి, కొత్త మేనేజర్ దారిలో పెడుతున్నాడు" అట. ఒళ్ళు మండి ఇక్కడికొచ్చాను.

2020 అక్టోబర్ నుంచి చూడండి. రిక్ రెంటెరియా ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్ళాడు, పంపేశారు. టోనీ లా రూసా వచ్చాడు, 2022లో ఆరోగ్యం బాగోక తప్పుకున్నాడు. ఆ కొన్ని వారాలు మిగెల్ కైరో నెట్టుకొచ్చాడు. తర్వాత పెడ్రో గ్రిఫోల్. 2024 ఆగస్టులో ఆయన్ని తీసేసేసరికి ఆ సీజన్ లెక్క 28-89. మిగతా ఆటలకి తాత్కాలికంగా గ్రేడీ సైజ్‌మోర్, 13-32. ఇప్పుడు విల్ వెనబుల్. పైన జీఎం (జనరల్ మేనేజర్) రిక్ హాన్‌నీ, ఆయన పై అధికారి కెన్నీ విలియమ్స్‌నీ 2023 ఆగస్టు 22న ఒకేసారి సాగనంపారు. పది రోజులు తిరక్కుండానే క్రిస్ గెట్జ్‌ని జీఎం చేశారు. బయట ఒక్కరినీ పిలిచి మాట్లాడలేదు. బయటివాడైతే సంస్థని అర్థం చేసుకోడానికే ఏడాది పడుతుంది, మనకంత టైం లేదు అన్నది ఓనర్ జెర్రీ రైన్స్‌డార్ఫ్ గారి వాదన. ఆ ఏడాది ఆదా చేసుకుని మరుసటేడు 121 ఓడాం.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వ్యవహారం. మద్దెలలు మారుస్తూ పోతున్నారు. నా ఉద్దేశంలో ఈ పతనానికి తేదీ 2020 అక్టోబర్ 29, లా రూసాని తెచ్చిన రోజు. ఆ నిర్ణయం తీసుకున్నవాడు 1981 నుంచీ అదే కుర్చీలో ఉన్నాడు. ఆయన అక్కడున్నంత కాలం వెనబుల్ ఎంత మంచివాడైతే మాత్రం ఏం లాభం?

వరంగల్ బిడ్డ (షాంబర్గ్) · రాత్రి 9:31

శీనన్నా, ఒక్క ముక్క తప్పు లేదు. నాకైతే 2024 సెప్టెంబర్ యాదికొస్తది. సొంత మైదానంల ఆఖరి సిరీస్, ఏంజెల్స్ మీద. అప్పటికే 120 ఓడిన్రు, 1962ల న్యూయార్క్ మెట్స్ ఓడిన రికార్డుతోని సమానం. ఇంకొక్కటి ఓడితే చరిత్ర. జనం గెలుపు సూడనీకి కాదు, ఆ ఓటమి సూడనీకి వచ్చిన్రు! తొమ్మిదిట్ల ఏడో ఇన్నింగ్స్ అయ్యేటాళ్ళకు వెనకబడ్డ మ్యాచ్‌లు అప్పటిదాక 94, తొంబై నాలుగుకు తొంబై నాలుగు ఓడినయ్. గంతమంది వచ్చిన్నాడే ఎనిమిదో ఇన్నింగ్స్‌ల మూడు పరుగులు తీసి గెలిచిన్రు. స్టేడియంల "టీమ్ అమ్మెయ్" అని అరుపులు. గెలుస్తున్నప్పుడు సుత అదే అరుపు. నేను కప్పుల ఎలోటె మొక్కజొన్న పట్టుకొని, నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక నిలబడ్డ. మూడుకు మూడు గెలిచిన్రు ఆ సిరీస్. ఓడమంటే సుత చెప్పిన మాట వినరు వీళ్ళు.

అరోరా లక్ష్మి · రాత్రి 9:50

శీను గారూ, మీ కోపం న్యాయమైనదే. కానీ ఒకరి మీద కోపం ఇంకొకరి మీద తీస్తున్నారేమో చూసుకోండి. గెట్జ్ వచ్చిన మొదటి నెలల్లోనే "ఈ టీమ్ నాకు నచ్చలేదు" అని బయటికే చెప్పాడు. జీఎం అయినవాడు అంత సూటిగా ఎవరు మాట్లాడతారు? గారెట్ క్రోషేని బోస్టన్‌కిచ్చి కైల్ టీల్, బ్రేడెన్ మాంట్‌గమరీ, చేస్ మైడ్‌రాత్, విక్‌ల్మన్ గోన్సాలెస్‌ని తెచ్చాడు. టీల్, మైడ్‌రాత్ ఈ ఏడాదే ఆడేశారు. మిల్వాకీ వదిలేసుకున్న షేన్ స్మిత్‌ని రూల్ 5 డ్రాఫ్ట్‌లో (వేరే జట్లు ప్రధాన జాబితాలో పెట్టుకోని కుర్రాళ్ళని ఎంచుకునే పద్ధతి) పట్టుకొస్తే ఆల్‌స్టార్ అయ్యాడు. కోల్సన్ మాంట్‌గమరీ జులైలో వచ్చి 71 ఆటల్లో 21 హోమ్‌రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టాడు. మా అమ్మాయి పన్నెండేళ్ళది, కోల్సన్ బ్యాటింగ్‌కి వస్తే హోంవర్క్ పక్కనపెట్టి హాల్లోకి పరిగెత్తుకొస్తుంది. పోయినేడు ఈ ఇంట్లో టీవీ పెట్టడానికే ఎవరూ ఇష్టపడలేదండీ.

ఓనర్ని తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను. వెనబుల్‌నీ ఆ కుర్రాళ్ళనీ మాత్రం వదిలేయండి.

రిగ్లీ రాజు · రాత్రి 10:05

ఆయ్, నార్త్ సైడ్ నుంచి నమస్కారమండి. షికాగో రెండో జట్టు మా కబ్స్ ప్లేఆఫ్స్‌లో ఉన్నారు కాబట్టి కాస్త తీరిగ్గానే ఉన్నానండి. మిమ్మల్ని ఏడిపించడానికి రాలేదు, ఒక్క మాట చెప్పి పోతాను. 2011లో మేం ఇలాగే ఏడుస్తుంటే ఏం చేశారు? బోస్టన్ నుంచి థియో ఎప్‌స్టీన్‌ని పిలిచి తాళాలు చేతిలో పెట్టారు. మరుసటేడు 101 ఓడామండి, ఎవరూ కంగారు పడలేదు. 2016లో 108 ఏళ్ళ శాపం వదిలింది. బయటివాడొస్తే ఇంట్లోవాళ్ళకి కనపడని బూజు కనపడుతుంది. మీ ఓనర్ గారికి ఆ బూజంటేనే ప్రేమ.

పోప్ లియో గారు ఎన్నికైన రోజు మా కబ్స్ మనిషేనని సంబరపడ్డామండి. ఆయన అన్నగారు టీవీలో కాదు కాదు, సాక్స్ అని తేల్చేశారు. పోప్ గారు ఉండి కూడా 102 ఓడారంటే ఇంక ఎవరికి మొక్కుతారండి?

వరంగల్ బిడ్డ (షాంబర్గ్) · రాత్రి 10:09

రాజన్నా, పోప్ సాబ్ 2005 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్ స్టేడియంలనే కూసొని సూసిండు. ఆ కప్పు ఆయన ఖాతాల రాసుకున్నం. గిప్పటిది ఓనర్ ఖాతా.

ఉప్పల్ స్టాండ్ · మంగళవారం, ఉదయం 6:40

హైదరాబాద్ నుంచి చదువుతున్నాను, నాకు బేస్‌బాల్ కొత్త. మా కజిన్ షికాగోలో ఉంటాడు, వాడి పుణ్యాన అలవాటైంది. రెండు సందేహాలు. ఒకటి, ఈ మేనేజర్ అంటే మన కోచా, కెప్టెనా? రెండు, 121 ఓడిన జట్టుకి ఫుట్‌బాల్‌లో లాగా కింది లీగ్‌కి పంపే శిక్ష ఏమీ లేదా?

ఇంకో మాట. మన సన్‌రైజర్స్‌ని చూడండి. 2021లో సీజన్ మధ్యలో వార్నర్‌ని కెప్టెన్సీ నుంచి తీసేశారు, అట్టడుగున తేలాం. 2023లో లారా కోచ్, మళ్ళీ అట్టడుగు. లారా పోయి వెట్టోరి వచ్చాడు, కమిన్స్‌ని 20.5 కోట్లకి కొన్నారు, 2024లో ఫైనల్. ఓనర్లు వాళ్ళే. అంటే మేనేజ్‌మెంట్ మార్పు పనిచేస్తుందనే కదా?

గణాంకాల గోపి · ఉదయం 8:15

ఉప్పల్ గారూ, మేనేజర్ అంటే కోచ్ ఉద్యోగం, మైదానంలో కెప్టెన్ అధికారం. ఎవరు ఆడాలి, ఏ వరసలో బ్యాటింగ్, పిచ్చర్ని (మన బౌలర్ లాంటివాణ్ణి) ఎప్పుడు దించాలి అన్నీ ఆయనే, సీజన్‌కి 162 సార్లు. చొక్కా కూడా ఆటగాళ్ళదే వేసుకుంటాడు. జట్టుని కొనేది, అమ్మేది జీఎం. డబ్బుకి సరే అనేది ఓనర్.

కింది లీగ్‌కి పంపడం లేదు. పైగా ఓడినవాడికి డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, ముందు వరస దొరుకుతుంది. అయితే మనవాళ్ళకి అదీ కలిసిరాలేదు. ఆదాయ పంపకంలో డబ్బు ఇచ్చే పెద్ద నగరాల జట్లు వరసగా రెండేళ్ళు లాటరీ పిక్ (లాటరీ తీసి తేల్చే మొదటి వంతులు) అందుకోకూడదని నియమం ఉంది. 2024లో ఐదో పిక్ వాడుకున్నాం కాబట్టి, ఆధునిక బేస్‌బాల్‌లోనే అత్యధిక ఓటముల తర్వాత 2025లో మనకి దక్కింది పదో పిక్.

సన్‌రైజర్స్ పోలిక ఇక్కడ పూర్తిగా అతకదు. ఐపీఎల్‌లో ఒక వేలంతో జట్టు ముఖం మారిపోతుంది. బేస్‌బాల్‌లో పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి తెస్తే మైనర్ లీగుల్లో మెట్టుమెట్టూ ఎక్కించి పైకి తేవడానికి నాలుగైదేళ్ళు. అందుకే మేనేజర్ కంటే ఆ మెట్లు కట్టేవాడు ముఖ్యం. వైట్ సాక్స్‌లో 2016 చివర్నుంచి 2023 దాకా ఆ మెట్లు కట్టే శాఖ ఎవరి చేతిలో ఉందో తెలుసా? క్రిస్ గెట్జ్.

లక్ష్మి గారు దీనికి జవాబు చెప్పాలి. 2016 డిసెంబర్లో క్రిస్ సేల్‌ని ఇచ్చి మొంకాడా, కోపెక్‌ని తెచ్చారు. 2017లో కింటానాని కబ్స్‌కిచ్చి ఎలోయ్ హిమెనెస్, డిలన్ సీస్‌ని తెచ్చారు. లూయిస్ రాబర్ట్‌ని క్యూబా నుంచి పట్టారు. బేస్‌బాల్‌లో ఇంత సరుకు ఉన్న జట్టు అప్పట్లో లేదన్నారు. ఆ తరం మొత్తం కలిసి ప్లేఆఫ్స్‌లో గెలిచిన మ్యాచ్‌లు రెండు. 2020లో ఓక్లాండ్ మీద ఒకటి, 2021లో హ్యూస్టన్ మీద ఒకటి. ఒక్క సిరీస్ లేదు. గాయాలన్నారు, దురదృష్టమన్నారు. ఇరవై ఆరు మందికీ ఒకేసారి దురదృష్టం పడుతుందా? ఆ శాఖాధిపతినే తెచ్చి జీఎం చేశారు.

సౌత్‌సైడ్ శీను · ఉదయం 8:52

గోపీ, సరిగ్గా పట్టుకున్నావు. అయితే ఆ తరాన్ని మైదానంలో పాడుచేసింది ఎవరో ఉప్పల్ గారికి తెలియాలి. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

2020లో మాది కుర్ర జట్టు. హోసే అబ్రేయుకి ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి అవార్డు), జియొలీటో నో-హిట్టర్ (ఎదుటి జట్టుకి ఒక్క హిట్టూ ఇవ్వని మ్యాచ్), టిమ్ ఆండర్సన్ హోమ్‌రన్ కొట్టి బ్యాటు విసిరితే పిల్లలు వీధుల్లో అనుకరించేవాళ్ళు. రెంటెరియాని తీసేశాక జీఎం హాన్ ప్రెస్ ముందు చెప్పాడు: ఈమధ్య కాలంలో కప్పు గెలిచిన సంస్థలో పనిచేసినవాడు కావాలని. అందరూ 2017లో హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కి కప్పు తెచ్చిన మేనేజర్ ఏ.జె. హించ్ అనుకున్నారు. తీరా వచ్చింది 76 ఏళ్ళ లా రూసా, చివరిసారి డగౌట్‌లో (జట్టు కూర్చునే చోట) మేనేజర్‌గా కూర్చున్నది 2011లో. ఎందుకు? 1986లో ఈయన్ని ఇదే వైట్ సాక్స్ తీసేసింది. అది తన జీవితంలో పెద్ద పశ్చాత్తాపమని ఓనర్ రైన్స్‌డార్ఫ్ ఎన్నిసార్లో చెప్పుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళ నాటి సొంత బాకీ తీర్చుకోడానికి మా జట్టుని వాడుకున్నాడు. ఆ హడావిడి ఎంతంటే, లా రూసా వస్తున్నాడని పంపిన ప్రకటన బొమ్మ మీద హించ్ సంతకం ఉంది!

2021 మే, సిన్సినాటిలో మ్యాచ్ పదో ఇన్నింగ్స్‌కి వెళ్ళింది. అదనపు ఇన్నింగ్స్‌లో రెండో బేస్ మీద ఒక రన్నర్ని పెట్టి మొదలుపెడతారు. ఆ వంతు పిచ్చర్ది అయితే బదులు ఇంకో బ్యాటర్ని పెట్టుకోవచ్చు. ఆ రూలు మా మేనేజర్ గారికి తెలియదు. పరుగెత్తడానికి క్లోజర్ (మ్యాచ్ చివర్లో బంతి వేసే పిచ్చర్) లియమ్ హెండ్రిక్స్‌ని నిలబెట్టాడు. 1-0తో ఓడాం. రూలు ఉందని మ్యాచ్ అయ్యాక విలేకరులు చెప్పారు.

అదే నెల మిన్నసోటాలో మనం 15-4 ముందున్నాం. వాళ్ళు పిచ్చర్లని దాచుకుని మామూలు ఆటగాడి చేత బంతి వేయిస్తున్నారు. మన యెర్మిన్ మెర్సెడెస్, ఏళ్ళ తరబడి మైనర్ లీగుల్లో తిరిగి తిరిగి వచ్చినవాడు, ఏప్రిల్ అంతా .400 పైన సగటుతో (పదిసార్లకి నాలుగు హిట్లకి పైగా) బ్యాటింగ్ చేసినవాడు, ఒక నెమ్మది బంతిని హోమ్‌రన్ కొట్టాడు. లా రూసా సొంత ఆటగాణ్ణే ప్రెస్ ముందు తప్పుపట్టాడు, మర్యాద తెలియదన్నట్టు. మర్నాడు ట్విన్స్ పిచ్చర్ మెర్సెడెస్ కాళ్ళ వెనక బంతి విసిరితే, అందులో నాకేం తప్పు కనపడలేదన్నాడు. మన మేనేజరండీ! జులైకల్లా ఆ కుర్రాణ్ణి కింది లీగ్‌కి పంపేశారు.

ఇక 2022 జూన్ 9. డాడ్జర్స్ మీద ఆరో ఇన్నింగ్స్. ట్రే టర్నర్ మీద లెక్క ఒక బాల్, రెండు స్ట్రైకులు. ఇంకొక్క స్ట్రైక్‌తో అవుట్. అలాంటప్పుడు డగౌట్ నుంచి నాలుగు వేళ్ళు చూపించి, వాణ్ణి ఊరికే మొదటి బేస్‌కి పంపించెయ్యమన్నాడు. ఉప్పల్ గారూ, మీకు ఎలా చెప్పాలి... బ్యాటర్ ఎల్బీడబ్ల్యూ అని అంపైర్ వేలెత్తబోతుంటే మీ కెప్టెనే వెళ్ళి ఆపినట్టు. స్టాండ్స్‌లో ఎవరో "టోనీ, వాడికి రెండు స్ట్రైకులున్నాయి!" అని అరిచింది టీవీలో వినబడింది. తర్వాత వచ్చిన మ్యాక్స్ మన్సీ మూడు పరుగుల హోమ్‌రన్. 11-9తో ఓడాం.

2021లో 93 గెలిచాం, నిజమే. ఆ జట్టు తనంతట తాను గెలిచింది. 2022లో 81-81. ఆ తర్వాత జారుడుబల్ల.

డాలస్ బాబాయ్ · ఉదయం 10:20

అబ్బాయ్ శీనూ, నీ కడుపుమంట అర్థమైంది. అయినా వయసుని తిట్టకు. మా రేంజర్స్ 2022 చివర్లో బ్రూస్ బోచీని తెచ్చారు. ఆయన అప్పటికి మూడేళ్ళ నుంచి ఇంట్లో కూర్చున్న మనిషి, అరవై ఏడేళ్ళు. 2023లో కప్పు తెచ్చాడు. లా రూసా దగ్గర లోపం వయసు కాదు, ఆయన్ని ఎందుకు తెచ్చారన్నదే లోపం.

హించ్ గురించి ఒక మాట. ఆస్ట్రోస్ సైగల దొంగతనం కేసులో (ఎదుటి జట్టు సైగల్ని కెమెరాతో పట్టుకోవడం) ఏడాది నిషేధం పడ్డవాడు. ఆయన్ని తెస్తే కూడా ఆ రోజు ఇక్కడ తిట్లే పడేవి. నేనైతే తిట్టేవాణ్ణి.

మీ అందరికీ ఇంకో లెక్క. మా రేంజర్స్ 2021లో ఎన్ని గెలిచారు? 60. ఎన్ని ఓడారు? 102. అక్షరాలా మీ ఈ ఏటి లెక్కే. ఆ చలికాలం ఓనర్ చెక్కుబుక్కు తీశాడు. కోరీ సీగర్‌కి 32.5 కోట్ల డాలర్లు, మార్కస్ సెమియన్‌కి 17.5 కోట్లు. రెండేళ్ళకి వరల్డ్ సిరీస్. ఆ డగౌట్‌లో బోచీ పక్కనే ఉన్న అసోసియేట్ మేనేజర్ ఇప్పటి మీ వెనబుల్. మనిషి మంచివాడు, నిదానస్తుడు, ఆటగాళ్ళు మాట వింటారు. కానీ అప్పుడు ఇక్కడ ఆయన వెనకాల సీగర్, సెమియన్ ఉండేవారు. మీ దగ్గర ఎవరున్నారు?

సెమియన్ మొదట ఎవరి కుర్రాడో తెలుసుగా? మీవాడే. 2014లో జెఫ్ సమార్జియా కోసం ఇచ్చేశారు.

వరంగల్ బిడ్డ (షాంబర్గ్) · ఉదయం 10:41

బాబాయ్, కారం సల్లుతున్నవ్. మర్ల టాటిస్ జూనియర్‌ను 2016ల జేమ్స్ షీల్డ్స్ కోసం ఇచ్చిన్రు, అది సుత చెప్పు, పూర్తిగ ఏడుస్తం.

లక్ష్మక్కా, క్రోషేను బోస్టన్‌కు ఇచ్చుడు మంచిదేనంటున్నవ్. సేల్‌ను ఇదే బోస్టన్‌కు ఇచ్చినప్పుడు సుత అందరం గిట్లనే చప్పట్లు కొట్టినం. వాళ్ళు సేల్‌తోని 2018ల కప్పు కొట్టిన్రు. మనకు మొంకాడా మిగిలిండు. గీ సినిమా సూసినం అక్కా.

అరోరా లక్ష్మి · మధ్యాహ్నం 12:30

తమ్ముడూ, చూశామని ఊరుకుంటే ఎలా? క్రోషేని ఉంచుకుని ఏం చేస్తారు? కాంట్రాక్టు రెండేళ్ళే మిగిలింది, పొడిగించే డబ్బు ఓనర్ ఇవ్వడు. రెండేళ్ళు 100 ఓడుతూ ఆయన్ని చూసి మురిసిపోయి, చివరికి ఉత్త చేతులతో సాగనంపాలి. గెట్జ్ చేతిలో ఉన్న పేకల్లో అదే సరైన ఆట.

గోపీ, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. ఆ శాఖ నడిపిన రోజుల్లో గెట్జ్‌కి పైన ఇద్దరున్నారు, విలియమ్స్, హాన్. ఇద్దరికీ పడేది కాదని షికాగో అంతా చెప్పుకునేది. ఇప్పుడు తన చేతికొచ్చాక పిచ్చింగ్‌కి బ్రయన్ బ్యానిస్టర్‌ని తెచ్చాడు, బ్యాటింగ్ శాఖకి ఓరియోల్స్ నుంచి రయన్ ఫుల్లర్‌ని తెచ్చాడు. ఇద్దరూ బయటివాళ్ళే. షేన్ స్మిత్ ఊరికే ఆల్‌స్టార్ అయ్యాడంటావా? కోల్సన్ ఏప్రిల్లో ట్రిపుల్ ఏలో (మైనర్ లీగుల్లో పై మెట్టు) బంతి తగలక అల్లాడుతుంటే అరిజోనాకి పిలిపించి, ఫుల్లర్ దగ్గరుండి స్వింగ్ సరిచేశాడు. 2017లో మొంకాడాకి అలా ఎవరు చేశారు?

గణాంకాల గోపి · మధ్యాహ్నం 1:05

అరిజోనా సంగతి ఒప్పుకుంటాను, అది మంచి పని. కానీ గెట్జ్ మొదటి ఏడాది చేసిన పనులు కూడా చెప్పండి. తాను ఆడిన, పనిచేసిన కాన్సస్ సిటీ రాయల్స్ పాత పరిచయాల్ని తెచ్చి నింపాడు. మేనేజర్ గ్రిఫోల్ రాయల్స్ నుంచే వచ్చాడు, 101 ఓడాక కూడా ఆయన్ని ఉంచాడు. నికీ లోపెస్ రాయల్స్‌లో పేరు తెచ్చుకున్నవాడే. ఇదంతా చేసి 2024లో అసలు రాయల్స్ మీద 13 ఆటల్లో ఒక్కటి గెలిచాం. అదే ఏడాది ఆ రాయల్స్ ఏం చేశారు? 2023లో 106 ఓడిన జట్టు, బాబీ విట్‌కి 28.8 కోట్ల డాలర్లకి పైగా రాసిచ్చి, పిచ్చర్లని కొని, 86 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు. షికాగోలో మూడో వంతు కూడా లేని ఊరు.

వైట్ సాక్స్ 2025 దాకా ఒక్క ఆటగాడికీ పది కోట్ల డాలర్ల కాంట్రాక్టు రాయలేదు. అతి పెద్దది బెనింటెండీకి ఐదేళ్ళకి 7.5 కోట్లు. 2019లో మచాడో వస్తాడని ఆయన బావమరిదిని కూడా తెచ్చి పెట్టుకున్నారు. మచాడో 30 కోట్లకి శాన్ డియేగో వెళ్ళాడు, ఈ బంధువు ఇక్కడ మిగిలాడు.

రిగ్లీ రాజు · మధ్యాహ్నం 1:20

బావమరిది కథ తలుచుకున్నప్పుడల్లా కడుపుబ్బ నవ్వొస్తుందండి. పెళ్ళికొడుకు రాకుండా తోడు పెళ్ళికొడుకు వచ్చి భోంచేసి వెళ్ళినట్టు.

మోడరేటర్ · మధ్యాహ్నం 1:45

రాజు గారూ, ఇది సాక్స్ దారం. ఏడిపించడం ఇంక చాలు. ఓనర్ వయసు మీద వచ్చిన రెండు వ్యాఖ్యలు తొలగించాను. ఆయన నిర్ణయాల్ని ఎంతైనా తిట్టండి, చావు మాటలు వద్దు.

ఉప్పల్ స్టాండ్ · సాయంత్రం 5:30

శీను గారూ, ఆ ఎల్బీడబ్ల్యూ మాటతో మొత్తం అర్థమైంది. వీడియో వెతికి చూశాను, ఆ అరుపు నిజంగానే వినబడుతోంది. మరి ఓనర్ మారే అవకాశమే లేదా? ఎక్కడో ఇష్బియా అనే పేరు చదివాను.

సౌత్‌సైడ్ శీను · సాయంత్రం 6:15

ఉంది, కానీ తొందరేం లేదు. జస్టిన్ ఇష్బియా, ఫీనిక్స్ సన్స్ ఓనర్ మ్యాట్ ఇష్బియాకి సోదరుడు. 2025 జూన్‌లో ఒప్పందం ప్రకటించారు. 2029 నుంచి 2033 మధ్య రైన్స్‌డార్ఫ్‌కి ఇష్టమైతే నియంత్రణ అమ్మచ్చు. 2034 తర్వాత ఇష్బియా కొనచ్చు. 2029 కంటే ముందు ఏ మార్పూ లేదు. ఇష్బియా ఇప్పుడు పెట్టే డబ్బు అప్పులు తీర్చడానికి, సంస్థ నడపడానికి వాడతామన్నారు. షార్ట్‌స్టాప్ లాంటి ఆటగాణ్ణి కొంటామని ఎవరూ అనలేదు.

స్టేడియం లీజు కూడా 2029తోనే ముగుస్తుంది. రెండూ ఒకే ఏడాది రావడం కాకతాళీయమని నేననుకోను. కొత్త స్టేడియానికి ప్రభుత్వం డబ్బిస్తే ఒక రేటు, ఇవ్వకపోతే ఒక రేటు. ఆ బేరం తేలేదాకా ఆటగాళ్ళ మీద ఎవడు ఖర్చుపెడతాడు? గెట్జ్ అయినా, ఎప్‌స్టీన్ అయినా ఇక్కడ చేయగలిగింది కుర్రాళ్ళని పెంచి, జీతం పెరిగే వేళకి అమ్మడం. నా ఫిర్యాదు అదే లక్ష్మి గారూ. కోల్సన్ బాగా ఆడుతున్నాడని మీ అమ్మాయి పరిగెత్తుకొస్తోంది కదా, ఆ పిల్ల కాలేజీకి వెళ్ళే వేళకి వాడు ఏ చొక్కాలో ఉంటాడో చెప్పండి.

అరోరా లక్ష్మి · సాయంత్రం 6:40

అది మాత్రం చెప్పలేనండీ. అందుకే దానికి కోల్సన్ పేరున్న చొక్కా కొనలేదు, పేరు లేనిది కొన్నాను.

డాలస్ బాబాయ్ · సాయంత్రం 7:02

అమ్మాయ్, అది తెలివి. మొన్న మా బోచీ కూడా వెళ్ళిపోయాడు. కప్పు తెచ్చి రెండేళ్ళయింది, అంతే.

శీనూ, నువ్వు ఓనర్ ఓనర్ అంటున్నావు గానీ, 2005లో 88 ఏళ్ళ తర్వాత కప్పు తెచ్చినప్పుడు ఓనర్ ఈయనే కదా? గియెన్ మేనేజర్, విలియమ్స్ జీఎం, ఆస్ట్రోస్‌ని నాలుగుకి నాలుగు. బుల్స్‌కి ఆరు కప్పులొచ్చినప్పుడు కూడా ఈయనే.

సౌత్‌సైడ్ శీను · రాత్రి 7:25

అవును బాబాయ్. ఆ నమ్మకంతోనే ఆయన తనవాళ్ళని వదల్లేదు. 2005 జట్టు మనుషుల్ని 2023 దాకా మోశాడు. విలియమ్స్ 2000 నుంచి పైన ఉన్నాడు. మేనేజర్ గియెన్ వెళ్ళాక రాబిన్ వెంచురా, అంతకుముందు ఎక్కడా మేనేజర్‌గా చేయనివాడు, మన పాత ఆటగాడు. గెట్జ్ కూడా మనం డ్రాఫ్ట్ చేసుకున్న ఆటగాడే. మొత్తానికి గ్రిఫోల్‌ని పక్కనపెడితే వెనబుల్ ఒక్కడే ఈ ఇంటికి సంబంధం లేనివాడు. అందుకే ఆయన మీద నాకు కోపం లేదు, జాలి ఉంది.

121వ ఓటమి ఎక్కడ జరిగిందో గుర్తుందా? 2024 సెప్టెంబర్ 27, డెట్రాయిట్‌లో. ఆ గెలుపుతోనే టైగర్స్ ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టి మైదానంలో గెంతులేశారు. వాళ్ళ మేనేజర్ ఏ.జె. హించ్. మైకు ముందు కామెంటరీ చెబుతున్నది జేసన్ బెనెట్టి, మన దగ్గర పెరిగి, మన టీవీ బూత్‌లో కూర్చుని, వీళ్ళతో పొసగక 2023లో డెట్రాయిట్‌కి వెళ్ళినవాడు.

వరంగల్ బిడ్డ (షాంబర్గ్) · రాత్రి 7:33

గా రాత్రి నేను టీవీ బంద్ చేసిన. మల్ల ఆన్ చేసి బెనెట్టి గొంతు విన్న. బంద్ చేసిన.

ఉప్పల్ స్టాండ్ · రాత్రి 7:50

ఇంత విన్నాక కూడా చూడాలనే ఉంది. వచ్చే ఏప్రిల్ నుంచి వైట్ సాక్స్‌నే పట్టుకుంటాను. మన టైం ప్రకారం రాత్రి మ్యాచ్‌లు ఎన్నింటికి?

గణాంకాల గోపి · రాత్రి 7:58

షికాగోలో సాయంత్రం 6:40, మీకు తెల్లవారి 5:10. పిచ్ క్లాక్ (బంతి వేయడానికి గడియారం పెట్టే రూలు) వచ్చాక రెండున్నర గంటల్లో అయిపోతోంది, ఏడున్నర ఎనిమిదికల్లా ఖాళీ. ఆఫీసు క్యాబ్ దొరుకుతుంది.

సౌత్‌సైడ్ శీను · రాత్రి 8:10

స్వాగతం ఉప్పల్ గారూ. మొదటి నెల స్కోరు చూడకండి, కైల్ టీల్ ఎలా ఆడుతున్నాడో అదొక్కటి చూడండి. సీజన్ టికెట్ల వాళ్ళు నాకు ఇవాళే మళ్ళీ ఫోన్ చేశారు. ఇష్బియా వచ్చాక చేయమన్నాను. ఆ అమ్మాయి నోట్ చేసుకుంటున్నానంది.